డైట్ మేడమొచ్చింది!

వంద గ్రాముల బియ్యంలో ఎన్ని క్యాలరీలుంటాయి? న్యూట్రిషన్‌లో ఎమ్మెస్సీ చేసిన అమ్మాయిని నిద్రలో లేపి అడిగినా 'దాదాపు 350' అని ఠక్కున చెప్పేస్తుంది. కానీ, 'మా ఇంట్లో పదకొండుమందికీ ఒకటే దేగ్చీ బేటీ. అందులో నా వాటా ఎన్ని గ్రాములో నాకేం ఎరుక?' అని కిషన్‌బాగ్ నుంచి వచ్చిన పెద్దాయన ఎదురు ప్రశ్నిస్తే...?

ఆ జవాబు ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండదు. దాన్ని వెతుక్కోవడానికే డైటీషియన్ కావాలనుకునే అమ్మాయిలు (అబ్బాయిలూ ఉంటారు కానీ తక్కువ) చదువైపోయాక ఆరు నెలలు ఆస్పత్రిలో ఇంటర్న్‌లుగా తిరుగుతారు. జనరల్ మెడిసిన్, సర్జరీ, కిడ్నీ, గుండె, షుగర్, పిల్లల వార్డు, ఐసీయూ, వంటగది... కొన్నాళ్లు ఇక్కడ, కొన్నాళ్లు అక్కడ. దాన్నే క్లినికల్ రొటేషన్ అంటారు. మెడలో ఐడీ కార్డు, తెల్లకోటు జేబులో కొలిచే టేపు, కాలిక్యులేటర్, ఓ చిన్న నోటుపుస్తకం. డాక్టర్ కాదు, నర్సు కాదు. మరి ఎవరు? వార్డుల్లో ఆ ప్రశ్నకు రోగుల బంధువులే పేరు పెట్టేశారు... 'డైట్ మేడమ్' అని!

ఒక బస్తీ... మూడు వంటిళ్లు

పాతబస్తీకి పడమటి కొసన, బహదూర్‌పురా పక్కన, మూసీ ఒడ్డున ఉంటుంది కిషన్‌బాగ్. మురళీ మనోహర స్వామి గుడి అక్కడే. పంతొమ్మిదో శతాబ్దంలో నిజాం కొలువుకు పంజాబు నుంచి వచ్చిన సిక్కు సైనికుల వారసులుండే సిఖ్ ఛావనీ అక్కడే. మసీదులు, ఇరుకు గల్లీలు, ఆటోలు, చిన్న చిన్న కార్ఖానాలు, కిరాణా కొట్లు సరేసరి.

డైట్ చార్టు రాసేవాళ్లకు ఇంతకంటే కష్టమైన పరీక్ష ఇంకోటి లేదు. ఒకింట్లో పొద్దున్నే కుల్చా-నహారీ. నాలుగు వీధుల అవతల నెయ్యి రాసిన రొట్టె. మరో ఇంట్లో రాత్రి మిగిలిన అన్నానికి పోపు పెట్టి పులిహోర. అందరికీ కామన్‌గా ఉండేది ఒక్కటే... చాయ్! ఈ మూడిళ్ల నుంచీ షుగర్ పేషెంట్లు వస్తారు. మూడిళ్లకూ ఒకే జిరాక్స్ కాయితం చేతిలో పెడితే అది ఎవరికీ పనికిరాదు.

ఇంకో విచిత్రం. కిషన్‌బాగ్ పక్కనే నెహ్రూ జూపార్కు. 1963 నుంచీ ఉంది. అక్కడ పులికి మాంసమెంత, ఏనుగుకి గడ్డెంత అన్నది రోజూ లెక్కప్రకారం జరగాల్సిందే. గోడకు ఇవతల ఉన్న మనిషికి మాత్రం తానేం తింటున్నాడో, ఎంత తింటున్నాడో చెప్పేవారు లేరు. ఆస్పత్రిలో చేరేదాకా!

నిన్న ఏం తిన్నారు?

ఇంటర్న్ నేర్చుకునే మొదటి పని ఈ ప్రశ్న అడగడం. '24 గంటల రీకాల్' అంటారు. నిన్న పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా నోట్లోకి పోయిందంతా రోగి చేత చెప్పించాలి. వినడానికి తేలికే. కానీ వార్డులో వచ్చే మొదటి జవాబు ఏ మంచం దగ్గరైనా ఒకటే... 'మామూలే'.

మామూలంటే ఏమిటో కూపీ లాగాలి. అన్నం ఎంత? 'కొంచెమే'. కూర? 'అదీ కొంచెమే'. నూనె? 'అసలు వాడమమ్మా'. అంతా కొంచెమే తింటే మూడొందల షుగర్ ఎక్కడి నుంచి వచ్చినట్టు? కొత్తగా చేరిన అమ్మాయి రోగి అబద్ధం చెబుతున్నాడనుకుంటుంది. సీనియర్ డైటీషియన్ వచ్చి పక్కన కూర్చుని, కేసు షీటు మూసేసి, 'చాచా... రోజుకు చాయ్ ఎన్నిసార్లు?' అని అడుగుతుంది. ఆయన వేళ్లు మడిచి లెక్కపెడతాడు. ఆరు! 'చాయ్ కూడా తిండిలోకొస్తుందా బేటీ?' అని నిజంగానే ఆశ్చర్యపోతాడు.

కప్పుకు రెండు చెంచాల చక్కెర చొప్పున ఆరు కప్పులకు పన్నెండు చెంచాలు. చెంచాకు అయిదు గ్రాములనుకుంటే అరవై గ్రాములు. ఒక్క చక్కెర నుంచే 240 క్యాలరీలు. పాలు, పక్కన నంజుకున్న ఉస్మానియా బిస్కట్లు ఇంకా లెక్కలోకి రానేలేదు. ఆయన అబద్ధమాడలేదు. చాయ్‌ని తిండి అని ఎవరూ ఆయనకు చెప్పలేదంతే.

మరి దేగ్చీ సంగతి? దానికీ ఓ ఉపాయం ఉంది. 'ఎంత నూనె వేస్తారు' అని అడగకూడదు. 'నెలకు ఎన్ని ప్యాకెట్లు కొంటారు, ఇంట్లో ఎంతమంది' అని అడగాలి. జాతీయ పోషకాహార సంస్థ చెప్పే నమూనా పళ్లెంలో, రోజుకు 2000 క్యాలరీలు కావాల్సిన మనిషికి నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు. ఆరుగురున్న ఇంటికి నెలకు అయిదు కిలోలకు కాస్త తక్కువ. ఆ ఇంట్లో పది ప్యాకెట్లు ఖర్చవుతుంటే ఇక గ్రాముల లెక్క ఎందుకు? ఉప్పూ అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజుకు 5 గ్రాముల లోపే అంటోంది. అంటే ఆరుగురికి నెలకు 900 గ్రాములు. కిలో ప్యాకెట్టు నెల దాటి రావాలన్నమాట. పైగా ఊరగాయ, అప్పడం, బేకరీ సరుకుల్లో ఉండే ఉప్పు ఆ ప్యాకెట్లోది కాదు! కిరాణా చీటీ చూస్తే చాలు, వంటింట్లోకి వెళ్లకుండానే సగం సంగతి తెలిసిపోతుంది. ఈ చిట్కా పరీక్షల్లో మార్కులు తెచ్చిపెట్టదు. వార్డులో మాత్రం ప్రాణం.

ఓట్స్, ఆలివ్ నూనె...

మొదటి నెలలో ఇంటర్న్ రాసే చార్టులు చూడముచ్చటగా ఉంటాయి. పొద్దున ఓట్స్, పదింటికి గ్రీన్ టీ, మధ్యాహ్నం బ్రౌన్ రైస్, ఆలివ్ నూనెలో వేయించిన బ్రకోలీ, రాత్రికి సూప్. క్యాలరీలు సరిగ్గా కుదురుతాయి. మాంసకృత్తులూ కుదురుతాయి. పేషెంటు భార్య ఆ కాయితం అందుకుని, ఓసారి తిరగేసి, నాలుగు మడతలు పెట్టి బొడ్లో దోపుకుంటుంది. మళ్లీ బయటికి తీయదు.

రోజుకు ఇంత అని సంపాదించే ఇంట్లో ఆ సరుకులు కొనేదెవరు? కొన్నా, అత్తగారికీ మరుదులకూ పిల్లలకూ ఒకటి, ఆయనకు ఒకటి అని రెండు పొయ్యిలు వెలిగించేదెవరు? అందుకే చార్టు మళ్లీ రాయాలి. ఓట్స్ బదులు జొన్నరొట్టె. బ్రకోలీ బదులు బీరకాయ, సొరకాయ. ఇంట్లో అందరికీ వండే పప్పే, పోపు పెట్టకముందు ఆయన గిన్నెలోకి తీసేయడం. నహారీ పూర్తిగా మానమనకుండా వారానికి ఓసారి, పైన తేలే నూనె తీసేసి, కుల్చా ఒకటి. గ్రాములు తీసేసి గిన్నెలు రాయాలి. 'మీ ఇంట్లో ఉన్న చిన్న స్టీలు గిన్నెతో రెండు' అంటే ఎవరికైనా అర్థమవుతుంది. చదువురాని ఇంటికి బొమ్మలు గీసివ్వాలి.

అసలు మన ఇళ్లలో 'పథ్యం' అన్న మాట ఎప్పటినుంచో ఉంది. బాలింతకు ఒకటి, జ్వరం తగ్గినవాడికి ఒకటి, కామెర్లొస్తే ఇంకోటి. ఇంటర్న్‌కు ఇది వరమూ, చిక్కూ. పథ్యమంటే జనం గౌరవిస్తారు, అది వరం. పథ్యమంటే అన్నీ మానెయ్యడమే అనుకుంటారు, అది చిక్కు. ఆపరేషనయిన మనిషికి మాంసకృత్తులు దండిగా కావాల్సిన సమయంలో, కుట్లకు చీము పడుతుందని పప్పు మానేసి ఇంట్లోవాళ్లు చారన్నంతో సరిపెడతారు. తినొద్దని చెప్పడం కంటే తినమని ఒప్పించడమే కష్టమని రొటేషన్‌లో తొందరగానే తెలిసొస్తుంది.

కూనూరులో ఒక్క గది నుంచి...

తిండికీ జబ్బుకూ లంకె వెతకడంలో హైదరాబాద్‌కు పెద్ద పేరే ఉంది. 1918లో నీలగిరుల్లోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే డాక్టర్ బెరిబెరి జబ్బు మీద పరిశోధనకు ఓ చిన్న కేంద్రం మొదలుపెట్టారు. అది పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. 1969 నుంచి దాని పేరు జాతీయ పోషకాహార సంస్థ. తార్నాకలో ఉన్నది అదే. దక్కన్‌లో జొన్నలే ప్రధానంగా తినే పేదల్లో పెలాగ్రా ఎందుకొస్తోందన్న దాని మీద డాక్టర్ సి.గోపాలన్, డాక్టర్ ఎస్.జి.శ్రీకంఠయ్య 1960లో రాసిన పత్రాన్ని ప్రపంచమంతా చదివింది. మన దేశంలో దొరికే ఆహార పదార్థాల్లో ఏ పోషకం ఎంతో చెప్పే పట్టికలూ ఇక్కడివే. 2017లో వచ్చిన తాజా పట్టికలే ఇంటర్న్‌లకు పెద్దబాలశిక్ష.

అప్పట్లో రోగాలు తిండి లేక వచ్చేవి. ఇప్పుడు లెక్క తప్పి వస్తున్నాయి. దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్లు దాటారనీ, దాని అంచున ఉన్నవాళ్లు మరో 13.6 కోట్లనీ ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం 2023లో ప్రకటించింది. ఆ షుగరే ఏళ్లు గడిచాక చాలామందిని కిడ్నీ వార్డుకు చేరుస్తుంది.

కొబ్బరినీళ్లు... ప్రాణం మీదికి!

రొటేషన్ మొత్తంలో కాళ్లు వణికించేది ఆ వార్డే. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వచ్చే మనుషులు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక ఆ ఖర్చు భయం చాలామందికి తగ్గింది. తిండి భయం మాత్రం తగ్గలేదు.

ఆస్పత్రి గేటు బయట ఏం అమ్ముతారు? కొబ్బరిబోండాలు, అరటిపళ్లు, బత్తాయి రసం. జబ్బు మనిషిని చూడ్డానికి వచ్చేవాళ్లు తెచ్చేవీ అవే. మామూలు రోగికి అమృతం. కిడ్నీలు చెడిన మనిషికి? మనం తినే తిండిలో పొటాషియం ఎంతొచ్చినా మంచి కిడ్నీలు ఎక్కువైనదాన్ని బయటికి పంపేస్తాయి. అవి పనిచేయనప్పుడు అది రక్తంలోనే పేరుకుంటుంది. రక్తంలో పొటాషియం 3.5 నుంచి 5 దాకా ఉండాలి. 6 దాటి పెరుగుతున్నకొద్దీ గుండె లయ తప్పొచ్చు, ఉన్నట్టుండి ఆగిపోనూవచ్చు. ఓ పెద్ద బోండాంలో సుమారు 600 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. అరటిపండూ, బత్తాయి రసమూ, టమాటా, ఆలుగడ్డ, పాలకూర, ఎండు ఖర్జూరం... అన్నీ ఆ జాబితాలోవే.

పాతబస్తీలో దీనికి ఇంకోటి తోడు... పాయా! మేక కాళ్లు రాత్రంతా మరిగించి తీసిన షోర్బా. నీరసపడ్డ మనిషికి బలమని, తెల్లవారకముందే లేచి వండి, డబ్బాలో పోసి, ఆటోలో పట్టుకొస్తుంది ఓ ఖాలా. గ్లాసుడు షోర్బాలో ఉప్పుంది, నీరుంది. ఆ రెండూ కట్టడి చేయాల్సిన మనిషి అతడు. ఒంట్లో నీరు చేరి, మొహం ఉబ్బి, ఆయాసంతో కూర్చున్నాడు. ఇప్పుడు ఇంటర్న్ ఏం చేయాలి? డబ్బా లాక్కోవాలా?

'ఇది విషం' అని చెప్పిన ఇంటర్న్‌లు ఉంటారు. ఆ ఖాలా కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి. మర్నాటి నుంచి డబ్బా తేవడం మానదు, ఇంటర్న్‌కు కనబడకుండా తెస్తుంది! అనుభవమున్న డైటీషియన్ అయితే అలా అనదు. డబ్బా మూత తీసి, వాసన చూసి, 'బాగా చేశావు ఖాలా' అంటుంది ముందు. తర్వాత అడుగుతుంది... 'బలం కోసమే కదా? బలం ఈ నీళ్లలో లేదు. వాడికి గుడ్డులో తెల్లసొన పెట్టు, ఉప్పు తక్కువేసి రెండు కోడికూర ముక్కలు పెట్టు. పులుసు వద్దు, ముక్క పెట్టు.' డయాలసిస్ చేయించుకునేవాళ్లకు కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు కావాలి. మామూలు మనిషి కంటే ఎక్కువే. చాలా కుటుంబాలు ఇక్కడే పొరబడతాయి. డయాలసిస్ మొదలవకముందు డాక్టర్ మాంసకృత్తులు తగ్గించమని ఉంటారు. మొదలయ్యాక కూడా అదే పట్టుకుని గుడ్డు, మాంసం మానేసి మనిషిని పీల్చేస్తారు.

కూరగాయలకూ ఓ పద్ధతుంది. తొక్క తీసి, చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, అప్పుడు కూర వండుకోవాలి. పొటాషియం కొంత ఆ నీళ్లతో పోతుంది. ఉడికించిన నీళ్లలోనే సత్తువంతా ఉంటుందని చిన్నప్పటి నుంచీ విన్న ఇల్లాలికి ఈ మాట వింతగా ఉంటుంది. నీళ్ల లెక్క ఇంకా కఠినం. రోజుకు వచ్చే మూత్రమెంతో దానికి అర లీటరు కలిపితే, అంతే తాగాలి. చాయ్, మజ్జిగ, పప్పుచారు, పుచ్చకాయ... అన్నీ ఆ కోటాలోవే. మే నెల ఎండల్లో రేకుల గదిలో ఉండేవాడికి ఇది చెప్పడం తేలిక కాదు. పొద్దున్నే ఓ సీసాలో ఆ రోజు కోటా నింపుకోమని, చాయ్ తాగినప్పుడల్లా అందులోంచి అన్ని నీళ్లు ఒంపేయమని చెబుతారు. కంటికి కనబడే లెక్క కాబట్టి కుదురుతుంది.

ఇంకో ప్రమాదం కొట్లోనే పొంచి ఉంది. 'తక్కువ సోడియం ఉప్పు' అని అమ్మే ప్యాకెట్లు. బీపీకి మంచిదని విని ఇంట్లో పిల్లలు ప్రేమగా కొనుక్కొస్తారు. వాటిలో సోడియం బదులు ఉండేది పొటాషియమే! కిడ్నీ జబ్బున్న ఇంట్లో ఆ ప్యాకెట్టు ఉందేమో ఈ పూటే చూసుకోవాలి. డాక్టర్‌ని అడగకుండా వాడకూడదు.

ఉపవాసం సంగతి చెప్పరేం?

రంజాన్ వస్తోందంటే షుగర్ ఓపీలో పని పెరుగుతుంది. పెరగాలి కూడా. కానీ చాలామంది డాక్టర్‌కు ఆ మాటే చెప్పరు. చెబితే ఉపవాసం వద్దంటారని భయం. చెప్పకుండా రోజా ఉంటారు. మాత్రలు ఎప్పటిలాగే వేసుకుంటారు, లేదా అవీ మానేస్తారు. పద్నాలుగు గంటలు తిండీ నీళ్లూ లేక సాయంత్రానికి షుగర్ పడిపోతుంది. లేదంటే ఇఫ్తార్‌లో ఒక్కసారిగా ఖర్జూరాలు, షర్బత్, మిర్చీ, సమోసా, హలీం... రాత్రికి ఆకాశాన్నంటుతుంది.

కిషన్‌బాగ్‌లాంటి చోట పెరిగిన అమ్మాయి ఇంటర్న్‌గా ఉంటే ఇక్కడ ఆమె విలువ తెలుస్తుంది. 'రోజా ఉంటారా?' అని అడగదు. 'సహర్‌లో ఏం తింటారు?' అని అడుగుతుంది. మనిషి నోరు విప్పుతాడు. అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య 2016లోనూ, మళ్లీ 2021లోనూ దీనిపై మార్గదర్శకాలు ఇచ్చింది. రంజాన్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే డాక్టర్‌ను కలవాలి. మందుల వేళలు, మోతాదులు ఆయనే మార్చాలి. వేలికి సూది గుచ్చి షుగర్ చూసుకుంటే రోజా చెదరదు. 70 కంటే పడినా, 300 దాటినా, ఒంట్లో బాగాలేకున్నా ఉపవాసం ఆపేయాలి. డయాలసిస్ మీద ఉన్నవాళ్లు, అదుపులేని షుగర్‌తో ఇన్సులిన్ వేసుకునేవాళ్లు అసలు ఉండకూడదని హెచ్చరిక. రోగులకు మతమే మినహాయింపు ఇచ్చిందని ఇమామ్ సాబ్ చెబితే వినేంతగా డైట్ మేడమ్ చెబితే వినరన్నది కూడా నిజం. అందుకే ఆయనను అడిగి రమ్మని పంపడమూ పనిలో భాగమే. శనివారాలు, ఏకాదశులు, అయ్యప్ప దీక్షలు... గల్లీ అవతల వాళ్లకూ ఇవే జాగ్రత్తలు వేరే పేర్లతో.

ఆకలితో ఆస్పత్రిలో

ఐసీయూలో మాటలుండవు. ముక్కులో గొట్టం, గంట గంటకూ కాగితం మీద అంకెలు. ఇక్కడ ఇంటర్న్ చేసేది శుద్ధ లెక్కలు. కిలో బరువుకు ఇన్ని క్యాలరీలు, ఇన్ని గ్రాముల మాంసకృత్తులు, రెండు గంటలకోసారి ఇన్ని మిల్లీలీటర్లు. పల్చటి గంజి రోజంతా గొట్టంలో పోసినా మనిషి నిలబడడు. ఆ మాట కుటుంబానికి అర్థమయ్యేలా చెప్పాలి, ఎందుకంటే కొందరు గొట్టంతోనే ఇంటికి వెళతారు. మిక్సీలో ఏమేం వేయాలి, ఎలా వడగట్టాలి, పోసేటప్పుడు తల ఎత్తులో ఎందుకు ఉండాలి, తర్వాత గొట్టంలో మంచినీళ్లు ఎందుకు పోయాలి... డిశ్చార్జి రోజున భార్య చేతో కొడుకు చేతో ఓసారి చేయించి చూశాకే పంపాలి.

ఎన్నాళ్లుగానో తిననివాళ్లకు ఒక్కసారిగా బాగా పెట్టడం ఇంకో ప్రమాదం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత విడుదలైన ఖైదీల్లో కొందరు కడుపునిండా తిండి దొరికాకే చనిపోయారు. రక్తంలో ఫాస్ఫేట్‌లాంటి లవణాలు ఉన్నట్టుండి పడిపోవడమే కారణం. అందుకే బాగా చిక్కిపోయిన మనిషికి తిండి కొద్దికొద్దిగా పెంచుతూ, రక్తపరీక్షలు చూస్తూ వెళతారు. 'ఆకలన్నా పెట్టరేంటమ్మా?' అని నిలదీసే తల్లికి ఇది వివరించడం ఇరవై రెండేళ్ల అమ్మాయికి మామూలు విషయం కాదు.

ఆస్పత్రిలోనే మనిషి చిక్కిపోవడం మరో సంగతి. పరీక్ష ఉందని పొద్దున్నుంచీ ఏమీ పెట్టరు. పరీక్ష రేపటికి వాయిదా పడుతుంది. ఆ రాత్రికి వంటగది మూసేస్తారు. మర్నాడు మళ్లీ ఉపవాసం. 1974లో చార్లెస్ బటర్‌వర్త్ అనే అమెరికా డాక్టర్ దీన్ని 'ఆస్పత్రి అల్మారాలోని అస్థిపంజరం' అంటూ వ్యాసం రాస్తే అక్కడ కలకలం రేగింది. యాభై ఏళ్లు గడిచినా ఏ దేశంలోనూ ఆ అస్థిపంజరం పూర్తిగా బయటికి పోలేదు. రౌండ్స్‌లో ప్రొఫెసర్ వెనక డాక్టర్లు, వాళ్ల వెనక పీజీలు, ఆ వెనక నర్సులు, అందరి వెనకా ఇంటర్న్. 'సార్, ఈ పేషెంటు తిని రెండు రోజులైంది' అని ఆ వెనక నుంచి చెప్పడానికి గొంతు పెగలాలి. కొందరికి మూడో నెలలో పెగులుతుంది. కొందరికి పెగలదు.

వంటగది డ్యూటీలో ఈ గోలేమీ ఉండదు. పెద్ద పెద్ద గిన్నెలు, ట్రాలీలు, ఎవరికి మెత్తటి అన్నం, ఎవరికి ఉప్పులేని కూర అని రాసిన చీటీలు. అక్కడ తెలిసొచ్చేది డబ్బు లెక్క. తెలంగాణ ప్రభుత్వం 2022లో ప్రభుత్వాస్పత్రుల్లో రోగి భోజనానికి రోజుకు ఇచ్చే మొత్తాన్ని 40 రూపాయల నుంచి 80కి, క్షయ, క్యాన్సర్‌లాంటి జబ్బులవాళ్లకు 56 నుంచి 112కి పెంచింది. అదే ఏడాది హైదరాబాద్‌లోని 18 ప్రభుత్వాస్పత్రుల్లో రోగుల సహాయకులకు అయిదు రూపాయల భోజనం మొదలుపెట్టింది. దీని విలువ వార్డులో తిరిగినవాళ్లకే తెలుస్తుంది. అంతకుముందు రోగి పళ్లెంలోంచే సహాయకుడూ తినేవాడు. గుడ్డు ఇద్దరికీ సగం సగం!

జీతం లేని ఆరు నెలలు

ఇంత చేసినా ఇంటర్న్‌కు చాలాచోట్ల స్టైపెండ్ ఉండదు. కొన్ని ఆస్పత్రులైతే ఎదురు ఫీజు తీసుకుంటాయి. బస్సు పాసు, మధ్యాహ్నం టిఫిన్ డబ్బా ఇంటివాళ్ల ఖర్చు. రోజంతా వార్డుల్లో నిలబడి, రాత్రి కేసు స్టడీలు రాసుకుని, ఆ పైన ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ నిర్వహించే ఆర్డీ పరీక్షకు చదువుకోవాలి. అది గట్టెక్కితే రిజిస్టర్డ్ డైటీషియన్. మరోవైపు, వారం రోజుల కోర్సు చేసి 'డైట్ కోచ్' బోర్డు పెట్టుకున్నవాళ్లు ఫోన్లో ఇరవై వేలకు ప్యాకేజీలు అమ్ముతుంటారు. ఇంటర్న్‌లకు ఒళ్లుమండేది అక్కడే. 2021లో కేంద్రం తెచ్చిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ వృత్తుల జాతీయ కమిషన్ చట్టంలో డైటీషియన్లకూ చోటు దక్కింది. ఎవరు ఏం చదివితే ఈ పని చేయొచ్చో చట్టం తేల్చడం మొదలైందన్నది వాళ్లకు కాస్త ఊరట.

ఆరో నెలకొచ్చేసరికి నోటుపుస్తకం నిండిపోతుంది. మొదటి పేజీల్లో సూత్రాలు, సమీకరణాలు. చివరి పేజీల్లో వేరే రాతలు: 'ఇంట్లో వండేది కోడలు, ఆమెతో మాట్లాడాలి.' 'రాత్రి డ్యూటీ, తెల్లారి నాలుక్కి తింటాడు.' 'కట్టుడుపళ్లు లేవు, రొట్టె నమలలేడు.' 'గుడ్డు వాసన పడదు, పెరుగు ఇష్టం.'

డయాలసిస్ వార్డులో మే నెల వచ్చిందంటే ఒక ప్రశ్న తప్పదు. మంచం మీద పడుకున్న మనిషి రక్తం గొట్టంలోంచి యంత్రంలోకి తిరుగుతుండగా, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడుగుతాడు: 'మేడమ్... మామిడిపండు ఒక్క ముక్క?'

ఇంటర్న్ కేసు షీటు తీసి కిందటి వారం పొటాషియం ఎంతుందో చూస్తుంది. 4.8. సీనియర్ వైపు చూస్తుంది. ఆవిడ డాక్టర్ని అడగమన్నట్టు తలూపుతుంది. 'ఎంత ముక్క తాతా?' అని అడుగుతుంది ఇంటర్న్. ఆయన దుప్పట్లోంచి రెండో చేయి తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కొలత చూపిస్తాడు.